చోక్ తీస్తే బండి ఆగిపోతా ఉంది: స్లో జెట్ ఒకటేనా, లోపల ఇంకేమన్నా అడ్డం పడిందా?

కొర్లగుంట కుర్రోడు
సోమవారం ఉదయం 7:40

అన్నలకు నమస్కారం. 2013 మోడల్ 100 సీసీ బండి, మామూలు స్లైడ్ కార్బొరేటర్. ఐదు నెలలు షెడ్డులో కదలకుండా ఉండింది. ట్యాంకులో మిగిలిన పాత పెట్రోల్ మీదే రెండు లీటర్లు కొత్తది పోయించినాను. ఇప్పుడు చోక్ పూర్తిగా వేస్తే మూడో కిక్కుకు స్టార్ట్ అవుతాది. చోక్ తీస్తే పది సెకన్లలో ఆగిపోతాది. రేస్ పట్టుకుని ఉంటే ఆగదు. 40 దాటినాక బాగానే పోతాది, సిగ్నల్ దగ్గర రేస్ వదిలితే మాత్రం సైలెన్సర్లో టప్ టప్‌మని కొట్టి ఆగుతాది. ప్లగ్గు కొత్తది, ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉంది. ఐడిలింగ్ స్క్రూ రెండు చుట్లు బిగించినా లాభం లేదు. కార్బొరేటర్ మొత్తం మార్చేయమని ఒకరు చెప్పినారు. విప్పి కడిగితే సరిపోతాదా, నిజంగానే మార్చాల్నా?

చంద్రగిరి స్పానర్
సోమవారం ఉదయం 8:15

మార్చొద్దు తమ్ముడూ. నువ్వు రాసిన గుర్తులన్నీ ఒకే చోటికి పోతా ఉండాయి, స్లో జెట్టు (రేస్ వదిలినప్పుడు పెట్రోల్ కొలిచి వదిలే సన్న రంధ్రమున్న ఇత్తడి ముక్క) లేదా దాని దారి.

కార్బొరేటర్లో పెట్రోల్ ఒకే రంధ్రం గుండా రాదు. రేస్ వదిలేసి ఉన్నప్పటి నుంచి ఎనిమిదో వంతు తిప్పేదాకా స్లో జెట్టుదే పని. అక్కడి నుంచి పావు దాకా స్లైడ్ (రేస్ ఇస్తే పైకి లేచే తలుపు) అడుగున ఏటవాలుగా కోసిన అంచు లెక్క చూసుకుంటాది. పావు నుంచి ముప్పావు దాకా స్లైడుకు వేలాడే సూది, అది దిగే గొట్టం. ముప్పావు దాటినాక మెయిన్ జెట్. నీ బండి 40 పైన బాగుందంటే సూదికీ మెయిన్ జెట్టుకూ పెట్రోల్ అందుతా ఉండాది. ఆగేది రేస్ వదిలినప్పుడే కాబట్టి తప్పు అడుగు మెట్టులో ఉండాది.

ఈ సైజు బండ్లలో స్లో జెట్ రంధ్రం 0.35 నుంచి 0.40 మి.మీ. ఉంటాది. మెయిన్ జెట్ సుమారు దానికి రెట్టింపు. పెట్రోల్ ఎండి బంక కట్టినప్పుడు ముందు మూసుకునేది చిన్నదే. టప్ టప్ శబ్దం కూడా అందుకే. పెట్రోల్ చాలక సిలిండర్లో అంటుకోని ఆవిరి వేడి సైలెన్సర్లోకి పోయి అక్కడ మండుతాది.

ఐడిలింగ్ స్క్రూ ముందు ఎక్కడ ఉండిందో అక్కడికి తిప్పేయి. అది పెట్రోల్ పెంచదు, స్లైడును కొంచెం పైకెత్తుతాది అంతే. అట్ల ఎత్తి నడిపితే అసలు రోగం కనపడకుండా పోతాది.

విప్పే ముందు రెండు పరీక్షలు చెయ్యి. మొదటిది, రోడ్డు మీద 50 దగ్గర నిలకడగా పోతా ఉన్నప్పుడు చోక్ సగం వేయి. బండి ఊపందుకుంటే పై జెట్లలో కూడా అడ్డం ఉండాది. తడబడితే అక్కడ పెట్రోల్ సరిపోతా ఉండాది. చోక్ వేసినా తీసినా మిస్సింగ్ ఒకే మాదిరి ఉంటే కరెంటు వైపు చూడాల, ప్లగ్ క్యాప్, కాయిల్. రెండోది, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఆగతా ఉందా, వేడెక్కినాకనా? చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కినాక మాత్రమే ఐడిలింగ్ పోతా ఉంటే ట్యాపెట్ గ్యాప్ (వాల్వు దగ్గర ఉండాల్సిన సన్న సందు) బిగిసి ఉండొచ్చు. దాన్ని స్లో జెట్ అనుకుని కార్బొరేటర్ మూడుసార్లు కడిగేవాళ్లు చాలామంది ఉండారు.

మొగిలి ఘాట్
సోమవారం ఉదయం 9:05

స్పానర్ అన్న చెప్పినదానికి ఇంకొకటి కలపండి. కార్బొరేటర్ కప్పు (కింద పెట్రోల్ నిలిచే గిన్నె) అడుగున డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. దాని గొట్టం కింద పారదర్శకమైన సీసా పెట్టి, ట్యాప్ ఆన్‌లో ఉంచి, స్క్రూ రెండు చుట్లు వదులు చేయండి. ఇంజిన్ ఆపి, చల్లారాకే చేయాలి. వాచీ పెట్టుకుని ఒక నిమిషం పట్టండి.

లెక్క సులువు. లీటరుకు 60 ఇచ్చే బండి 50 వేగంతో పోతుంటే గంటకు సుమారు 830 మి.లీ. తాగుతుంది, అంటే నిమిషానికి 14 మి.లీ. పూర్తి రేస్‌తో మిట్ట ఎక్కేటప్పుడు దానికి రెండు మూడింతలు కావాలి. కాబట్టి డ్రెయిన్ నుంచి నిమిషానికి 100 మి.లీ. పైన, సన్నబడకుండా ధారగా రావాలి. ముందు ధారగా వచ్చి తర్వాత చుక్కలకు దిగితే జెట్టు సంగతి పక్కన పెట్టి ట్యాంకు మూత, ట్యాప్ జల్లెడ చూడాలి. పట్టిన పెట్రోల్ అరగంట కదపకుండా ఉంచండి. నీళ్లుంటే అడుగున పూసలా నిలబడతాయి, తుప్పుంటే గోధుమ రంగు పొడిలా దిగుతుంది.

కొర్లగుంట కుర్రోడు
సోమవారం సాయంత్రం 6:30

చేసినాను అన్నా. ఫలితాలు ఇవి. 50 దగ్గర చోక్ సగం వేస్తే బండి తడబడింది. చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా ఒకే మాదిరి ఆగతా ఉంది. డ్రెయిన్ దగ్గర మొదటి ఇరవై సెకన్లు ధార, తర్వాత సన్నబడి చుక్కలు, నిమిషానికి మొత్తం 70 మి.లీ. ట్యాంకు మూత తెరిచి మళ్లీ పడితే అదే నిమిషంలో 180 మి.లీ. వచ్చింది. సీసా అడుగున గోధుమ రంగు పొడి, పెసరగింజంత నీటి పూస.

మొగిలి ఘాట్
సోమవారం సాయంత్రం 6:55

అయితే రెండు జబ్బులు. మూతలోని గాలి రంధ్రం మూసుకుంది. పెట్రోల్ దిగిన కొద్దీ పైన గాలి చేరకపోతే ట్యాంకులో వెలితి ఏర్పడి పెట్రోలును వెనక్కి పట్టేస్తుంది. ఊళ్లో తెలియదు. అలిపిరి నుంచి పైకెక్కేటప్పుడో, భాకరాపేట ఘాట్‌లోనో నాలుగైదు కిలోమీటర్లు పోయాక బండి నీరసిస్తుంది. రెండు నిమిషాలు ఆపితే మళ్లీ నడుస్తుంది. అప్పుడు అందరూ మెయిన్ జెట్ అంటారు. మూత తాళం వైపు కిందున్న చిన్న రంధ్రంలో సన్నని రాగి తీగ ఆడించి, గాలి ఊది చూడండి.

దీనికీ మీ ఐడిలింగ్ సమస్యకూ సంబంధం లేదు. దానికి కార్బొరేటర్ విప్పాల్సిందే.

జెట్ నంబర్ 38
సోమవారం రాత్రి 9:20

విప్పడం వరుసగా రాస్తున్నాను. గంటన్నర పని, తొందర పడకండి. పొయ్యి, దీపం, బీడీ ఏదీ దగ్గర్లో ఉండకూడదు. నేల మీద తెల్ల గుడ్డ పరిచి దాని మీద స్టీలు కంచం పెట్టుకోండి. జెట్లు గుడ్డ మీద పడితే దొరుకుతాయి, మట్టిలో పడితే దొరకవు.

ట్యాప్ మూసి కప్పులోని పెట్రోల్ డ్రెయిన్ చేయండి. ఏ గొట్టం ఎక్కడ ఉందో ఫోనులో రెండు వైపుల నుంచీ ఫొటో తీయండి. కార్బొరేటర్ పైమూత చేత్తో తిప్పితే ఊడుతుంది, కేబులుతో పాటు స్లైడూ సూదీ పైకి వస్తాయి. వాటిని శుభ్రమైన గుడ్డలో చుట్టి హ్యాండిల్‌కు కట్టేయండి. సూది వంగితే మధ్య రేస్‌లో బండి ఎప్పటికీ సరిగా పోదు. తర్వాత ఇంజిన్ వైపు రెండు 10 నంబరు నట్లు, ఫిల్టర్ వైపు క్లిప్పు. ఇంజిన్‌కూ కార్బొరేటర్‌కూ మధ్య ఉన్న నల్లటి దిమ్మ, దాని ఓ రింగ్ (గాలి పీల్చకుండా ఆపే రబ్బరు ఉంగరం) జాగ్రత్త. ఇంజిన్ రంధ్రంలో గుడ్డ కుక్కండి.

కప్పు స్క్రూలు చాలా బండ్లలో తలలు అరిగిపోయి ఉంటాయి. స్క్రూడ్రైవర్ మొన గాడిలో ఆడకుండా కూర్చోవాలి, బరువంతా కిందికి నొక్కి ఒక్కసారిగా తిప్పాలి. రాకపోతే తుప్పు వదిలించే నూనె వేసి అరగంట ఆగండి. తల చెడితే ఆ పూట పని అక్కడే ఆగుతుంది.

కప్పు తీయగానే ఫ్లోట్ (పెట్రోల్ మీద తేలుతూ మట్టాన్ని అదుపు చేసేది) కనిపిస్తుంది. దాని పిన్నును సన్నని మేకుతో మెల్లగా తోయాలి. సుత్తి వాడితే పిన్ను పట్టుకునే స్తంభం విరుగుతుంది, అప్పుడు నిజంగానే కార్బొరేటర్ మార్చాలి. ఫ్లోట్‌తో పాటు చిన్న ఫ్లోట్ సూది వస్తుంది, జారనివ్వకండి.

మధ్యలో ఎత్తుగా ఉండేది మెయిన్ జెట్. దాని పక్కన లోతైన బావిలో ఉండేది స్లో జెట్. బావి వెడల్పుకు సరిపోయే బల్లపరుపు స్క్రూడ్రైవర్ కావాలి, సుమారు 3 మి.మీ. మొన. సన్నది వాడితే ఇత్తడి గాడి నలుగుతుంది. కొన్ని కార్బొరేటర్లలో స్లో జెట్‌కు గాడే ఉండదు, నొక్కి కూర్చోబెట్టి ఉంటారు. గాడి కనిపించకపోతే లాగకండి, ఉన్నచోటే స్ప్రే కొట్టాలి.

చివరగా పక్కనున్న సన్న స్క్రూ, ఐడిలింగ్‌లో గాలీ పెట్రోలూ పాళ్లు సర్దేది. తీయబోయే ముందు దాన్ని లోపలికి మెల్లగా బిగిస్తూ ఎన్ని చుట్లకు ఆగిందో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. ఆగిన చోట బలవంతం చేస్తే మొన నలిగి గాడి పడుతుంది. ఆ తర్వాత పూర్తిగా బయటికి. దాంతో స్ప్రింగ్ వస్తుంది. కొన్నిటిలో బుల్లి వాషర్, బుల్లి ఓ రింగ్ కూడా ఉంటాయి. ఓ రింగ్ లోపలే అంటుకుపోయి ఉంటే వంచిన సన్న తీగతో తీయండి. దాని మీద స్ప్రే పడితే ఉబ్బుతుంది.

జెట్‌ను ఆకాశం వైపు పెట్టి చూడండి. రంధ్రం నిండు గుండ్రంగా, అంచులు పదునుగా కనబడాలి. వెలుగు కనిపించినంత మాత్రాన సరిపోదు. స్లో జెట్ పక్కల్లో సూదిమొనంత అడ్డ రంధ్రాలుంటాయి, గాలి అక్కడి నుంచే పెట్రోల్‌లో కలుస్తుంది. ప్రతి ఒక్కటీ తెరుచుకోవాలి. మెయిన్ జెట్ పైనున్న గొట్టానికీ అలాంటివే ఉంటాయి.

కార్బొరేటర్ క్లీనర్ స్ప్రేకు వచ్చే ఎర్ర గొట్టం ప్రతి రంధ్రంలో పెట్టి కొట్టండి, పది నిమిషాలు నానబెట్టి మళ్లీ కొట్టండి. ఒక రంధ్రంలో కొడితే ఇంకో రంధ్రం నుంచి చిమ్మి సూటిగా కంట్లో పడుతుంది. కళ్లద్దాలు లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. గాలి పట్టాలంటే పంక్చర్ షాపులో 40 పౌన్ల ఒత్తిడి చాలు. ఫ్లోట్, రబ్బర్లు అన్నీ తీసేశాకే గాలి పట్టాలి.

పుత్తూరు పాతబండ్లు
సోమవారం రాత్రి 10:10

లోపల ఏ రంగు మురికి ఉందో చూసినాకే మందు ఎంచుకోవాల. అన్నిటికీ ఒకే స్ప్రే కొట్టి పోలేదనడం సరి కాదు.

బెల్లం పాకం రంగులో జిగటగా ఉంటే పెట్రోల్ ఎండిన బంక. దానికి కార్బొరేటర్ క్లీనరే మందు. గట్టి పడిపోయి ఉంటే జెట్లు మాత్రం మూత ఉన్న గాజు సీసాలో క్లీనర్ పోసి రాత్రంతా ఉంచొచ్చు. కప్పు అడుగున ఎర్ర ఇసుక మాదిరి ఉంటే ట్యాంకు తుప్పు. అది కరగదు, గాలితో ఊదేయాల్సిందే. ట్యాంకు సంగతి చూడకపోతే నెలలో మళ్లీ వస్తాది. తెల్లగా సున్నం పెచ్చుల మాదిరి ఉంటే కప్పులో నీళ్లు నిలిచి లోహాన్ని తిన్న గుర్తు. పళ్ల బ్రష్‌తో రుద్ది తీయాల. ఆకుపచ్చగా చిలుము ఉంటే అది ఇత్తడి మీద వచ్చేది.

చిలుముకు ఇంట్లోనే మందు ఉండాది, చింతపండు. ఇత్తడి బిందె తోమినట్టే. గోరువెచ్చని చిక్కటి పులుసులో జెట్లు పదిహేను నిమిషాలు వేసి, మంచినీళ్లతో కడిగి, గాలి ఊది పూర్తిగా ఆరబెట్టాల. జెట్లు మాత్రమే! కార్బొరేటర్ బాడీని పులుపులో ముంచితే అది జింకు, అల్యూమినియం కలిసిన పోత కాబట్టి నల్లబడి గుంటలు పడతాది. బంక మీద చింతపండు పని చేయదు, క్లీనర్ చిలుము మీద పెద్దగా పని చేయదు. రెండూ ఉంటే ముందు క్లీనర్, తర్వాత పులుసు.

కిరోసిన్ బయట జిడ్డుకు సరే. లోపల వాడితే నూనె పొర మిగులుతాది. పెయింట్ థిన్నర్ ప్లాస్టిక్ ఫ్లోట్‌కూ రబ్బర్లకూ శత్రువు.

అలిపిరి దారి
మంగళవారం ఉదయం 6:50

షాపుల్లో పిన్నీసు మొనతో పొడిచి రెండు నిమిషాల్లో ఇచ్చేస్తారు కదా సామీ. ఇంత తతంగం అవసరమా?

జెట్ నంబర్ 38
మంగళవారం ఉదయం 7:30

అవసరమే సామీ. జెట్ ఇత్తడి, పిన్నీసు ఉక్కు. ఉక్కు ఎప్పుడూ ఇత్తడిని గీకుతుంది. 0.38 రంధ్రం గీసుకుపోయి 0.40 అయిందనుకోండి. కంటికి తేడా తెలియదు. కానీ పారే పెట్రోల్ రంధ్రం వైశాల్యాన్ని బట్టి ఉంటుంది, 0.40ని 0.38తో భాగించి వర్గం చేస్తే 1.11, అంటే 11 శాతం ఎక్కువ. ఐడిలింగ్‌లో పెట్రోల్ అంత పెరిగితే ప్లగ్గు నల్లబడుతుంది, మైలేజీ పడిపోతుంది. ఏ స్క్రూ తిప్పినా పూర్తిగా సరిపోదు. పైగా పిన్నీసు మొన రంధ్రం నోటిని గరాటులా తెరుస్తుంది. లోపలి వ్యాసం అంతే ఉన్నా నోరు మారితే పారే తీరు మారుతుంది. జెట్ మీద నంబర్ మాత్రం పాతదే ఉంటుంది, తర్వాత విప్పినవాడికి తప్పు ఎక్కడుందో అర్థం కాదు.

పొడవాలనే ఉంటే మెత్తని కరెంటు వైరులోని ఒక రాగి పోగు. 0.75 చదరపు మి.మీ. ఫ్లెక్సిబుల్ వైరులో పోగు మందం 0.2 మి.మీ., అది 0.35 రంధ్రంలో కూడా వదులుగా దూరుతుంది. 1 లేదా 1.5 వైరులోవి 0.3 ఉంటాయి, స్లో జెట్‌కు బిగుతు. సన్న చేపల గాలం నైలాన్ దారం కూడా పనికొస్తుంది. ముందు క్లీనర్‌లో నానబెట్టి, తర్వాతే పోగు.

కొర్లగుంట కుర్రోడు
మంగళవారం సాయంత్రం 7:15

అన్నీ చెప్పినట్టే చేసినాను. కప్పులో బెల్లం పాకం రంగు బంక, అడుగున కొంచెం ఎర్ర పొడి. స్లో జెట్ మీద 38 అని ఉంది, ముందు వెలుగు అసలు కనపడలేదు. రాత్రంతా నానబెట్టి రాగి పోగు ఆడిస్తే గుండ్రంగా తెరుచుకుంది, పక్క రంధ్రాలు నాలుగూ తెరుచుకున్నాయి. పక్క స్క్రూ రెండున్నర చుట్ల మీద ఉండింది, అక్కడే పెట్టినాను. ఇప్పుడు చోక్ తీసినా అర నిమిషం నిలబడతా ఉంది, తర్వాత ఊగి ఊగి ఆగిపోతాది. సగం నయమైనట్టుంది. ఇంకేం మిగిలింది?

చంద్రగిరి స్పానర్
మంగళవారం సాయంత్రం 8:00

మిగిలింది దారి. జెట్టు శుభ్రమయింది గానీ జెట్టు దాటినాక పెట్రోల్ పోయే సందు బాడీలోనే ఉండాది. దాన్ని చాలామంది మరిచిపోతారు.

ఇట్ల చూడు. బాడీ నోట్లోకి, స్లైడ్ దిగే చోట ఇంజిన్ వైపు అడుగున టార్చి వేస్తే రెండు చిన్న చిన్న రంధ్రాలు కనపడతాయి. ఇంజిన్‌కు దగ్గరగా ఉండేది ఐడిలింగ్ రంధ్రం. దాని వెనక, స్లైడ్ అంచు కిందుగా ఉండేది రేస్ కొంచెం తెరిచినప్పుడు పని చేసే బైపాస్ రంధ్రం. ఫిల్టర్ వైపు నోటి దగ్గర ఇంకొకటి ఉంటాది, స్లో జెట్టుకు గాలి పంపేది. ఇవి గాక పక్క స్క్రూ రంధ్రం.

స్లో జెట్ తీసేసి దాని బావిలో ఎర్ర గొట్టం ఆనించి కొట్టు. నాలుగు చోట్లా చిమ్మాల. ఏదో ఒకటి చిమ్మకపోతే మిగతా మూడూ వేళ్లతో మూసి మళ్లీ కొట్టు, ఒత్తిడంతా దాని మీదికి పోతాది. అప్పటికీ రాకపోతే ఎదురు దిక్కు నుంచి, అంటే మూసుకున్న రంధ్రం వైపు నుంచి కొట్టు. వచ్చిన దారినే మురికి వెనక్కి పోయేది సులువు. పది నిమిషాలు నానబెట్టి మళ్లీ మళ్లీ, నాలుగైదు సార్లు. బాడీ సందుల్లో తీగ పెట్టొద్దు, మలుపు దగ్గర విరిగితే తీయలేం.

దీనికీ లొంగకపోతే శబ్ద తరంగాలతో కడిగే తొట్టి ఉండాది. కళ్లద్దాల షాపుల్లో, నగల షాపుల్లో వాడతారు. 50 డిగ్రీల వేడి నీళ్లలో కొంచెం గిన్నెల సబ్బు వేసి, విడదీసిన బాడీ పదిహేను ఇరవై నిమిషాలు ఉంచితే సందుల లోపలి బంక కూడా వదులుతాది. తీసినాక గాలి పట్టి పూర్తిగా ఆరబెట్టాల.

ఇంకో అనుమానం, ఊగి ఊగి ఆగతా ఉందన్నావు. ఇంజిన్‌కూ కార్బొరేటర్‌కూ మధ్య దిమ్మ దగ్గర గాలి పీలుస్తా ఉంటే కూడా అట్లే ఊగతాది. బండి నడుస్తా ఉన్నప్పుడు ఆ అతుకు చుట్టూ సబ్బునీళ్లు చిలకరించు. శబ్దం మారితే ఓ రింగ్ పోయినట్టు. కొందరు దీనికి కార్బొరేటర్ క్లీనరే కొడతారు, వేడి ఇంజిన్ మీద అది మంట. సబ్బునీళ్లు చాలు.

తిరుచానూరు స్కూటర్
మంగళవారం రాత్రి 9:30

అన్నయ్యా, మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. మాది 2016 స్కూటర్, చోక్ మీట లేదు, తనంతట తానే పడే రకం. పొద్దున్నే స్టార్ట్ అవదు, వేడెక్కాక బాగుంటుంది. ఇదీ స్లో జెట్టేనా? విప్పితే లోపల పలచటి రబ్బరు పొర ఉంటుందని విన్నాను.

జెట్ నంబర్ 38
మంగళవారం రాత్రి 9:55

వేడెక్కాక ఐడిలింగ్ నిలకడగా ఉంటే స్లో జెట్ మీద అనుమానం తక్కువ అక్కా. మీ స్కూటర్‌లో కార్బొరేటర్ పక్కన రెండు వైర్లున్న చిన్న డబ్బాలాంటిది ఉంటుంది, అదే ఆటో చోక్. చల్లగా ఉన్నప్పుడు దాని పిన్ను లోపలికి ముడుచుకుని అదనపు పెట్రోల్ దారి తెరుస్తుంది. ఇంజిన్ నడుస్తుంటే కరెంటుతో వేడెక్కి పిన్ను సాగి ఆ దారి మూస్తుంది. ఆ అదనపు దారికి విడిగా ఒక జెట్ ఉంటుంది, అది మూసుకుంటే సరిగ్గా మీరు చెప్పినట్టే ఉంటుంది.

రబ్బరు పొర మాట నిజమే. సీవీ రకం (ఇంజిన్ పీల్పుకు స్లైడ్ తనంతట తానే లేచే రకం) కార్బొరేటర్లలో చాలావాటికి పైమూత కింద ఉంటుంది. దాని మీద క్లీనర్ చుక్క కూడా పడకూడదు, ఉబ్బి మళ్లీ గాడిలో కూర్చోదు. ముందు దాన్ని తీసి దూరంగా పెట్టి, వెలుతురు ముందు సాగదీసి సూది రంధ్రాలున్నాయేమో చూడండి. చిల్లుంటే ఐడిలింగ్ బాగుంటుంది, రేస్ ఇస్తే పికప్ ఉండదు. బిగించేటప్పుడు పొర అంచు ఎక్కడా మడత పడకుండా గాడిలో కూర్చోవాలి.

పుత్తూరు పాతబండ్లు
బుధవారం ఉదయం 7:10

పెట్రోల్ గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెప్తాను. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధన వచ్చినాక కొత్త బండ్లు దాదాపు అన్నీ ఇంజెక్షన్‌కు మారినాయి. కార్బొరేటర్ బండ్లంటే అంతకు ముందువే. అవి తయారైనప్పటి లెక్క 20 శాతం ఇథనాల్ పెట్రోలుది కాదు. ఆ పెట్రోల్ 2023 ఫిబ్రవరిలో బంకుల్లోకి రావడం మొదలై 2025 కల్లా దేశమంతా పరుచుకుంది.

ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటాది, కాబట్టి అదే జెట్టు గుండా అదే కొలత పోసినా మిశ్రమం కొంచెం పలచబడతాది, సుమారు ఏడెనిమిది శాతం. బాగా శుభ్రంగా ఉన్న బండికి అది పెద్ద కష్టం కాదు. కానీ స్లో జెట్ ముందే పదో వంతు మూసుకుని ఉంటే ఇన్నాళ్లూ కనపడని లోపం ఇప్పుడు బయట పడతాది. పెట్రోల్ మారినాక ఐడిలింగ్ పోయిందని చాలామంది అనేదానికి నాకు తోచిన కారణం ఇది. ఇథనాల్ పాత ట్యాంకులోని బంకను కూడా కదిలిస్తాది. మొదట్లో ఫిల్టర్లు త్వరగా నిండుతాయి.

ఇంకొకటి నీళ్లు. పది శాతం ఇథనాల్ ఉన్న లీటరు పెట్రోల్ సుమారు 5 మి.లీ. నీళ్లను తనలో కలుపుకోగలదు, ఇరవై శాతమైతే ఇంకా ఎక్కువ. ఆ హద్దు దాటితే నీళ్లూ ఇథనాలూ కలిసి విడిపోయి అడుగుకు దిగుతాయి. ట్యాప్ తీసుకునేదీ అడుగు నుంచే. కుర్రోడు సీసాలో చూసిన పెసరగింజ అదే. వానలో మూత రబ్బరు కారే బండ్లలో ఇది మామూలు.

అలిపిరి దారి
బుధవారం ఉదయం 7:45

కొండ మీదికి పోయేవాళ్లు ఎత్తు వల్ల జెట్ మార్చాలంటారు, నిజమా?

మొగిలి ఘాట్
బుధవారం ఉదయం 8:20

తిరుమలకు అవసరం లేదు. తిరుపతికీ కొండకూ ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. గాలి ఒత్తిడి 8 శాతం దాకా తగ్గుతుంది, పెట్రోల్ లెక్క అందులో సగం మేర మాత్రమే ఎక్కువవుతుంది. హార్స్‌లీ హిల్స్ ఇంకా ఎత్తే, అయినా జెట్ మార్చేంత కాదు. ఎక్కేటప్పుడు బండి నీరసిస్తే ఎత్తును కాదు, మూత రంధ్రాన్నీ మెయిన్ జెట్‌నూ అనుమానించండి. దిగేటప్పుడు సైలెన్సర్ కొడితే స్లో జెట్, లేదా సైలెన్సర్ అతుకు దగ్గర గాలి.

కొర్లగుంట కుర్రోడు
గురువారం సాయంత్రం 6:40

స్పానర్ అన్నా, నువ్వు చెప్పిందే. బావిలో కొడితే మూడు చోట్ల చిమ్మింది, ఐడిలింగ్ రంధ్రం నుంచి చుక్క కూడా రాలేదు. ఎదురు దిక్కు నుంచి ఆరుసార్లు కొట్టినాక గోధుమ రంగు ముద్ద స్క్రూ రంధ్రం నుంచి బయటికి వచ్చింది. సబ్బునీళ్ల పరీక్షలో శబ్దం మారలేదు. ఇప్పుడు చోక్ లేకుండా రెండో కిక్కుకే స్టార్ట్ అయింది, పది నిమిషాలు ఆగకుండా నిలబడింది. ట్యాంకు మూత కూడా శుభ్రం చేసినాను, మూత వేసి ఉంచినా డ్రెయిన్ నుంచి నిమిషానికి 175 మి.లీ. వచ్చింది.

రెండు సందేహాలు. పక్క స్క్రూ రెండున్నర చుట్ల మీదే ఉంచాలా? ఇంకోటి, బండి ఆపి పెడితే కప్పు కిందున్న గొట్టం నుంచి పెట్రోల్ చుక్కచుక్క పడతా ఉంది. ముందు లేదు.

చంద్రగిరి స్పానర్
గురువారం రాత్రి 7:30

సంతోషం తమ్ముడూ. స్క్రూ కథ ఇది. దారి మూసుకున్న బండికి ఎవరో సర్ది పెట్టిన రెండున్నర అది, ఇప్పుడు పనికి రాదు. ముందు అది ఏ వైపు ఉందో చూడు. ఫిల్టర్ వైపు ఉంటే గాలి స్క్రూ, లోపలికి బిగిస్తే పెట్రోల్ పాలు పెరుగుతాది. ఇంజిన్ వైపు ఉంటే పెట్రోల్ స్క్రూ, బయటికి తిప్పితే పెరుగుతాది. రెండిటికీ పద్ధతి ఒకటే. ఐదారు కిలోమీటర్లు తిరిగి ఇంజిన్ బాగా వేడెక్కినాక, మెల్లగా ఆగేదాకా బిగించి ఒకటిన్నర చుట్టు వెనక్కి తీయి. అక్కడి నుంచి పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పతా, ప్రతిసారీ పది సెకన్లు ఆగి విను. శబ్దం అన్నిటికన్నా పైకెక్కి నునుపుగా ఉన్న చోట వదిలెయ్యి. తర్వాత ఐడిలింగ్ స్క్రూతో వేగం దించుకో, నిమిషానికి 1,400 చుట్ల దగ్గర. రేస్ ఒక్కసారి ఇచ్చి వదిలితే తడబడకుండా కిందికి దిగాల.

వారం తిరిగినాక ప్లగ్గు తీసి చూడు. బిస్కెట్ రంగు ఉంటే సరి. తెల్లగా ఉంటే పెట్రోల్ చాలడం లేదు, మసి ఉంటే ఎక్కువ.

జెట్ నంబర్ 38
గురువారం రాత్రి 8:05

చుక్కలు పడటం గురించి. కడిగాక ఇది తరచూ జరుగుతుంది. కదిలిన మురికి రేణువు ఒకటి ఫ్లోట్ సూదికీ దాని గూటికీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ముందు స్క్రూడ్రైవర్ పిడితో కప్పును మెల్లగా నాలుగు తట్లు తట్టి, డ్రెయిన్ స్క్రూ తెరిచి పది సెకన్లు పారనిచ్చి మూయండి. చాలాసార్లు దాంతోనే ఆగుతుంది.

ఆగకపోతే కప్పు తీయాలి. ఫ్లోట్ సూది మొన రబ్బరు మీద వేలి గోరు నడిపించండి, ఉంగరంలా గాడి తగిలితే సూది మార్చాల్సిందే. గూడు ఇత్తడిదైతే చెవిపుల్లకు చిటికెడు ఇత్తడి పాలిష్ రాసి నాలుగు చుట్లు తిప్పి, క్లీనర్‌తో కడిగేయండి. ఫ్లోట్‌ను చెవి దగ్గర ఆడించి చూడండి, లోపల పెట్రోల్ కదిలిన చప్పుడైతే చిల్లు పడింది. వేడి నీళ్లలో ముంచితే బుడగలు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలుస్తుంది.

బిగించాక మట్టం సరిచూడటానికి, డ్రెయిన్ ముక్కుకు పారదర్శక గొట్టం తొడిగి, కార్బొరేటర్ పక్కనే పైకి పట్టుకుని డ్రెయిన్ స్క్రూ తెరవండి. బండి నిటారుగా, సెంటర్ స్టాండ్ మీద ఉండాలి. గొట్టంలో పెట్రోల్ కప్పు అతుకు గీతకు కొంచెం కింద ఆగాలి. అతుకు దాటి పైకి పోతుంటే ఫ్లోట్ నాలుకను వెంట్రుకవాసి వంచాలి. నాలుక కూడా ప్లాస్టిక్‌దే అయితే వంగదు, సూదే మార్చాలి.

పుత్తూరు పాతబండ్లు
గురువారం రాత్రి 8:40

ట్యాంకు అడుగున తుప్పు ఉండాదని మరిచిపోవద్దు. ట్యాంకు దించి, ట్యాప్ విప్పి, దాని జల్లెడ కడుగు. రెండుసార్లు పెట్రోల్ పోసి ఊపి వంపెయ్యి. ట్యాప్‌కూ కార్బొరేటర్‌కూ మధ్య చిన్న ఫిల్టర్ పెట్టు, బాణం గుర్తు కార్బొరేటర్ వైపు. పంపు ఉండే కార్లకు వాడే దట్టమైన కాగితం ఫిల్టర్ వద్దు. మన బండికి పెట్రోల్ బరువుతోనే దిగాల, అందులో దిగదు. బైక్ ఫిల్టర్ అని అడిగి తీసుకో, గొట్టం మెలిక పడకుండా నిండుగా వంగేటట్టు కోయి.

ఇంక రెండు వారాలకు మించి బండి ఆపి పెట్టేటప్పుడు ట్యాప్ మూసి, కప్పు డ్రెయిన్ చెయ్యి. మన ఎండలకు కప్పులోని కొంచెం పెట్రోల్ ఎగిరిపోయేది త్వరగానే, మిగిలేది బంకే.

కొర్లగుంట కుర్రోడు
శుక్రవారం ఉదయం 9:10

తట్టి, పది సెకన్లు పారనిస్తే చుక్కలు ఆగిపోయినాయి, రాత్రంతా కింద పెట్టిన కాగితం పొడిగానే ఉండాది. నాది గాలి స్క్రూ, ఒకటిన్నర పైన ఇంకో పావు చుట్టుకు నునుపుగా ఉంది, అక్కడే వదిలినాను. ఆదివారం ట్యాంకు దించుతాను. ట్యాప్ రబ్బరు వాషర్ పాతది వేయొచ్చా?

పుత్తూరు పాతబండ్లు
శుక్రవారం ఉదయం 9:35

వేయొద్దు. విప్పితే అది మళ్లీ కూర్చోదు, కారతాది. ట్యాప్ దించే ముందే కొత్తది తెచ్చి దగ్గర పెట్టుకో.